గురమ్మ తలుపు తీసిన చెయ్యి

ఆషాఢ శుద్ధ విదియ. పోటు పొద్దున ఆరున్నరకి.

ఆఫీసు పుస్తకంలో రాయలేనిది ఒకటి కనబడింది. అందుకని ఈ వేరే పుస్తకం మొదలుపెట్టాను. ఆఫీసు పుస్తకం దానయ్య గారు చదువుతారు. ఇది మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంటుంది.

నా పని మణికట్లు కొలవడం. నీళ్ల మీద తేలే మా తెప్పల ఊళ్లో మూడు వందల పన్నెండు తలుపులున్నాయి. ఏ తలుపైనా ఆ ఇంటివాళ్ల చేతికే తెరుచుకుంటుంది. పిడి పట్టుకుని చెయ్యి ముందు బొటనవేలి వైపుగా వెనక్కి వాలాలి, తర్వాత వల విసిరినట్టు చిటికెనవేలి వైపుగా ముందుకు వంగాలి, ఆఖర్న అరచెయ్యి పైకి తిరగాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, రెండు వరసలు. ఆ వరసలు ఒకదాని మీద ఒకటి జారే తీరు ఇద్దరికి ఒక్కలా ఉండదు. తలుపు ఆ కదలికని గీతగా రాసుకుంటుంది. నిన్నటి గీతలన్నీ నేను పొద్దున్నే చూస్తాను.

ఇవాళ గురమ్మ తలుపు దగ్గర ఆగిపోయాను. గురమ్మది మా పక్కిల్లు. డెబ్బై ఒకటో ఏడు. మూడు నెలల కిందట నేనే కొలిచాను, ముందుకి నలభై మూడు డిగ్రీలు వంగింది. నలభై కంటే తగ్గితే తలుపు తెరుచుకోదు. తుఫాను రోజున ఇంట్లో నీళ్లు తోడే గొట్టం చక్రం కూడా తిప్పలేరని, అలాంటివాళ్లని అమావాస్య పడవలో ఒడ్డు వసతికి పంపించేస్తారు. ఒడ్డుకి వెళ్లినవాళ్లు తిరిగి రారు. ఈ మూడు నెలల్లో ఆవిడ చెయ్యి ముప్ఫై ఆరుకో ముప్ఫై ఐదుకో పడిపోయి ఉండాలి.

నిన్నటి గీత యాభై నాలుగు చూపిస్తోంది.

అద్దం తుడిచి మళ్లీ చూశాను. యాభై నాలుగే. మణికట్టు కొబ్బరి తాడులాంటిది. ఎండేకొద్దీ బిగుస్తుంది కాని వదులవదు.

పంచమి. వాన తుంపర.

గురమ్మ తన గుమ్మం ముందు చెక్కల మీద కూర్చుని ఎండుచేపల తలలు తీస్తోంది. కత్తి ఎడంచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి ఒళ్లో, కొంగు కింద ఉంది.

"పెద్దమ్మా, చెయ్యెలా ఉంది?"

"బాగుందే. ఆవనూనె రాస్తన్నాను గాదా."

"ఏదీ, చూడనీ."

"కొలిసే రోజు సూద్దువు గానిలే. నీకేటి పనిలేదేటి?"

ఎప్పుడూ మాటకి మాట కలిపే మనిషి. ఇవాళ నా మొహం చూడకుండా చేపతో మాట్లాడింది. నేను లేచి రెండడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తే, కుడిచెయ్యి బయటికి తీసి ఎడంచేత్తో ఒత్తుకుంటోంది. నన్ను చూసి మళ్లీ దాచింది.

ఇంటికొచ్చేసరికి ఎల్లాజీ గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా మొగుడు. పదకొండు నెలలు సముద్రం అడుగున తవ్వే లోతు గనుల ఓడ మీద పని చేసి జ్యేష్ఠంలో వచ్చాడు. వచ్చిన దగ్గర్నించి వల ముట్టుకోలేదు. ఊళ్లో అతని విసురు చూడటానికి పిల్లలు చేరేవారు. అడిగితే భుజం నొప్పి అంటాడు.

"గురమ్మ పెద్దమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు మావా," అన్నాను.

"ముసిలిది. దానికి రోజుకో బుద్ధి," అని లేచి లోపలికెళ్లిపోయాడు.

ఆ లేవడం కాస్త తొందరగా లేచాడనిపించింది.

సప్తమి.

ఇంకో ముగ్గురు బయటపడ్డారు. ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే, ముగ్గురివీ రేపో మాపో నలభై కంటే తగ్గే చేతులే. ముగ్గురి తలుపులూ యాభై నాలుగు దగ్గరే తెరుచుకున్నాయి. నేను చెప్పకముందే దానయ్య గారు కనిపెట్టారు. ఆయన కొలతల పెద్ద. గొంతు పెంచని మనిషి. ఆయన నెమ్మదిగా మాట్లాడినకొద్దీ భయమేస్తుంది.

తలుపు వేసి కూర్చోమన్నారు.

"అమ్మా మాసేనమ్మా, ఈ నలుగురూ ఆరేళ్ల కిందట యాభై పైన వంచినవాళ్లే. అవునా?"

"అవునండి."

"అంటే పాత గీతలు ఎవరో బయటికిచ్చారు. ఆ గీతల్ని పట్టుకుని ఎవరో చెయ్యిలాంటి పనిముట్టు చేశారు. పాత గీతలుండే బీరువాకి తాళాలు రెండు. ఒకటి నా దగ్గరుంది."

రెండోది నా మెళ్లో, పుస్తెలతాడు పక్కన ఉంది. తీసి బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. బీరువాకి మైనం ముద్ర వేశారు.

"పౌర్ణమినాడు అందరి ముందూ విచారణ. ఈలోగా నీకేమైనా గుర్తొస్తే వచ్చి చెప్పు. ముసలివాళ్ల మీద జాలిపడి చేశావంటే నేను అర్థం చేసుకోగలను. కాని ఇవాళ ముసలివాళ్ల తలుపు తీసిన పనిముట్టు రేపు నా తలుపూ తీస్తుంది."

నేను చెయ్యలేదని చెప్పాను. ఆయన తల ఊపారు. నమ్మినట్టు కాదు, విన్నట్టు.

బయటికొచ్చాక చెక్కల దారి మీద ప్రతివాడూ నన్ను చూస్తున్నట్టే ఉంది. అప్పుడే తెలిసిపోయిందా, లేక నాకే అలా ఉందా?

నవమి.

బీరువాకి చేరని గీతల గాజుపలకలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక గురమ్మవి మూడు తీశాను. ఆరేళ్ల కిందటిది ఆఫీసులో గోడకి వేలాడే నమూనాల్లో ఉంది, దానికి బీరువా అక్కర్లేదు. రెండోది మూడు నెలల కిందటిది. మూడోది మొన్నటిది. ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకున్నాను.

గురమ్మ రెండేళ్ల కిందట తడి చెక్కల మీద జారి అరచెయ్యి ఆన్చి పడింది. మణికట్టుకి కాస్త పైన ముంజేతి ఎముక విరిగింది. అతికింది కాని, అప్పట్నించీ ఇరవై డిగ్రీల దగ్గర చెయ్యి ఒక్కసారి తడబడుతుంది. గీతలో చిన్న గంటు పడుతుంది. ఆరేళ్ల కిందటి గీతలో ఆ గంటు లేదు. ఉండదు కూడా, అప్పటికి ఎముక విరగలేదు.

మొన్నటి గీతలో గంటు ఉంది.

ఎంత సేపు నవ్వుకున్నానో! బీరువాలోంచి ఏ గీతా బయటికి పోలేదు. నా తప్పేమీ లేదు. ఇది చూపిస్తే దానయ్య గారు కాదనలేరు.

ఆ తర్వాతే రెండో ఆలోచన వచ్చింది. మరి తీసిందెవరు? ఎవరో గురమ్మ ఇప్పటి చేతిని పట్టుకుని, దాని వెంట నడిచి, అది ఆగిపోయిన చోటునుంచి యాభై నాలుగు దాకా తీసుకెళుతున్నారు. నేను ఆఫీసు తలుపు మీద నా చెయ్యి వంచి చూసుకున్నాను. అరవై ఒకటి. అరవై మూడు. అరవై. అరవై నాలుగు. బతికున్న మణికట్టు రెండుసార్లు ఒక్కచోట ఆగదు. రోజూ యాభై నాలుగు దగ్గరే ఆగేది చేసిన కీలు. చేసిన కీలు ఎవరి కదలికనైనా నేర్చుకుంటుంది కాబట్టే అలాంటి చెయ్యి ఉన్నవాళ్లకి మా తెప్పల్లో ఏ తలుపూ ఇవ్వరు.

ఊరంతటి గీతలూ ఒక్కొక్కటీ తిప్పాను. ఎక్కడా లేదు. ఒక్క తలుపు మిగిలింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూసుకోనిది, మా తలుపు.

ఎల్లాజీ ఓడకి వెళ్లకముందు అరవై మూడుకీ అరవై ఏడుకీ మధ్య. వచ్చాక, ముప్ఫై రెండు రోజులూ యాభై నాలుగు.

గీత చివర మాత్రం, అరచెయ్యి పైకి తిరిగే చోట, ఒక్కో రోజు ఒక్కోలా ఉంది. ఎప్పటి ఎల్లాజీ వంకరే. అరచెయ్యి తిరిగేది మణికట్టులో కాదు. ముంజేతిలో రెండు పొడుగు ఎముకలు ఒకదాని మీద ఒకటి దొర్లితే తిరుగుతుంది. అంటే ముంజేతి దాకా అతను నా మొగుడే. ఆ కింద ఉన్నది ఎవరిదో నాకు తెలీదు.

దశమి.

రోజంతా అతన్నే చూశాను. దొంగని చూసినట్టు.

అన్నం కలుపుకుంటున్నాడు. వేళ్లు బాగానే ఆడుతున్నాయి. ముద్ద నోటికి వెళ్లేటప్పుడు మోచెయ్యి మాత్రం ఎక్కువగా లేస్తోంది. మణికట్టు చెయ్యాల్సిన పని భుజం చేస్తోంది. ఇన్ని రోజులూ ఇది నా కళ్లెదుటే జరిగింది! అందరి చేతులూ కొలిచే నేను, నా పక్కన తినే చేతిని చూడలేదు.

చెడ్డ ఆలోచనలన్నీ వచ్చాయి. ఓడవాళ్లు కావాలనే పంపారా? మా తలుపులన్నీ నేర్చుకోవడానికా? రోజూ నేనింటికి వచ్చాక ఆఫీసు సంగతులడిగేది అందుకేనా?

కంచం తీస్తూ మణికట్టు పట్టేసుకున్నాను. విదిలించుకోబోయాడు. వదల్లేదు. చిటికెనవేలి వైపు, అరచెయ్యి మొదట్లో, బఠాణీ గింజంత ఎముక ఒకటుంటుంది. ఎవరికైనా వేలితో నొక్కితే కాస్త కదులుతుంది. వెతికాను. లేదు. చర్మం కింద అంతా నున్నగా ఒక్కటే గుండు.

"ఏది మావా నీ చెయ్యి?"

విదిలించుకోవడం మానేశాడు. గోడకి ఆనుకున్నాడు.

"బరువులు నాగే వించిలో పడిపోనాది. తాడు సుట్టేసి నాగేసింది. సేతి ఏళ్లు మిగిలాయి గానీ ఎముకలు పిండయిపోనాయి. ఓడలోనే కోసి ఈ గుండు పెట్టారు. దెబ్బ పనిలో తగల్లేదని రాసిస్తేనే పెడతామన్నారు. రాసిచ్చాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు రాయాల. రాయకపోతే నీకు అబద్దం. రాస్తే నాకు తలుపు నేదు. రెండూ నీ నెత్తినెందుకని."

"గురమ్మ తలుపు?"

"ఆ రోజు వాన. తలుపు కాడ నిలబడి పిడి ఒంచుతోంది, ఒంచుతోంది, అవ్వట్లేదు. తడిసి ముద్దయిపోనాది. నువ్వు ఆపీసులో ఉన్నావు. నాను సాయం పడదామని దాని సెయ్యి మీద నా సెయ్యేశాను. అంతే. ఈ గుండు దాని ఎనకాలే ఎల్లిపోనాది. తలుపు తెరుచుకుంది. నాకే తెలీదు ఇలగవుద్దని." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అది మిగతావోళ్లకి సెప్పింది. ఒచ్చి అడిగితే కాదనలేకపోయాను. ఇంతకన్నా ఏటీ నేదే. నీ మీద ఒట్టు."

"నాకు ఆవిడైనా చెప్పలేదేం?"

"నువ్వు కొలిసేదానివి గాదా," అన్నాడు.

కోపం ఎవరి మీదో తెలియక కంచాలు తీసుకెళ్లి కడిగాను. తోమిందే తోమాను. నా తప్పు లేదని చూపించే గంటే అతన్ని పట్టిస్తుంది. అది చూపించగానే తర్వాతి ప్రశ్న ఎవరన్నదే.

పౌర్ణమినాడు నోరెత్తొద్దని అతనికి చెప్పాను. అతను దీపం ఆర్పేశాడు.

పౌర్ణమి. పెద్ద పోటు.

కొలతల శాల నిండిపోయింది. ముందు వరసలో ఆ నలుగురు ముసలివాళ్లు. ఎల్లాజీ వెనక గోడ దగ్గర, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

దానయ్య గారు బీరువా సంగతి చెప్పారు. నేను లేచి మూడు గాజుపలకలు కిటికీకి ఆనించాను. ఆయన దగ్గరికొచ్చి గంటు చూశారు. వేలితో తడిమారు. మంచి కొలతగాడు, నేను వివరం చెప్పనక్కర్లేకపోయింది.

"పాత గీత కాదు. నిన్ను అనుమానించాను. తప్పు నాదే." ఆ మాట అందరికీ వినబడేలా అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మరి ఎవరు?"

నేను గాజుపలకలు ఒక్కొక్కటీ కిందికి దించాను.

"నీకు తెలుసు."

"తెలుసండి."

"చెప్పు."

"చెప్పనండి."

శాలలో గుసగుస మొదలైంది. కొలిచేదే దాస్తే ఇంకెవరిని నమ్మాలి అని ఎవరో అన్నారు. నిజమే కదా అనిపించింది నాకు.

అప్పుడు గురమ్మ లేచింది. "ఎవులూ నేరు బాబూ. నా సెయ్యే తీసింది. సూస్కోండి," అంటూ శాలలో ఉన్న పరీక్ష తలుపు దగ్గరికి నడిచింది. పిడి పట్టుకుంది. వెనక్కి వాల్చింది. ముందుకి వంచింది. ఇరవై దగ్గర తడబాటు. ముప్ఫై. ముప్ఫై ఐదు. ముప్ఫై ఆరు. ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ పట్టుకుంది. ముప్ఫై ఐదు. పళ్లు బిగించి మూడోసారి పట్టుకుంది. భుజం వణుకుతోంది. ఇంతమందిలో ఎవరూ చాలు అనలేదు. అనాల్సిన పని నాది. నేను అంకెలే చూస్తున్నాను.

వెనకనుంచి ఎల్లాజీ వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా నడిచి, గురమ్మ చేతి మీద తన చెయ్యి వేశాడు. రెండు చేతులూ కలిసి వంగాయి. తలుపు తెరుచుకుంది. అంకె యాభై నాలుగు చూపించింది.

"ఒగ్గెయ్ పెద్దమ్మా, సెయ్యి నొప్పెడతాది," అన్నాడు.

ఆ తర్వాత జరిగింది తొందరగా జరిగిపోయింది. దానయ్య గారు అతని మణికట్టు పట్టుకుని చూశారు. ఎక్కడ పోయిందని అడిగారు, చెప్పాడు. పుస్తకంలో అతని పేరు మీద గీత కొట్టారు. ఇకనుంచి ఏ తలుపూ అతనికి తెరుచుకోదు. ఊళ్లో ఉండొచ్చు, నేను తలుపు తీస్తే మా ఇంట్లోకి రావచ్చు.

నేను అడిగాను. "వీళ్లని అమావాస్యకి పంపించేస్తారా?"

"తుఫాను వస్తే వీళ్ల చక్రం ఎవరు తిప్పుతారు? నువ్వు చెప్పు. నాకు కక్ష లేదమ్మా. పోయినసారి ఒక్క చక్రం తిరక్క రెండు తెప్పలు మునిగాయి."

"పక్కింటివాళ్లు తిప్పుతారు. ఒక్కో తలుపుకి బయటివాళ్లది రెండో చెయ్యి రాయండి."

శాల ఒక్కసారి గోల అయింది. "నా తలుపు పక్కోడు తీత్తే నాను పడుకోడవెలగ?" అని ఒకాయన అరిచాడు. పాత ఊరు మునిగిన ముంపు రోజుల్లో ఎవరి ఇల్లు ఎవరు దోచుకున్నారో పేర్లతో సహా చెప్పుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి పుట్టనివాళ్లు కూడా.

దానయ్య గారు అందరూ అలిసిపోయేదాకా ఆగారు. "ఇష్టమైనవాళ్లు రాయించుకోండి. నలభై కంటే తగ్గినా రెండో చెయ్యి ఉంటే ఊళ్లో ఉండొచ్చు. గడువు అమావాస్య. రాయించుకోని ముసలివాళ్లు పడవెక్కుతారు."

నా ఉద్యోగం పోలేదు. బీరువా తాళం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

బహుళ షష్ఠి.

రెండో చెయ్యి రాయించుకోవడానికి ఎవరూ రాలేదు. కొత్త పుస్తకం, మొదటి పేజీ అలానే ఉంది. ఆఫీసు ముందునుంచి వెళ్లేవాళ్లు లోపలికి చూసి నడక పెంచుతున్నారు. ఆ ముగ్గురు ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లాను. ఒకాయన తన పక్కింటివాడు నలభై ఏళ్ల కిందట కొట్టేసిన లంగరు గురించి చెప్పాడు. పడవైనా ఎక్కుతాను గానీ వాడి పేరు రాయనన్నాడు. మిగతా ఇద్దరూ ఆలోచిస్తామన్నారు.

ఇంటికొచ్చేసరికి ఎల్లాజీ బయట చెక్కల మీద వానలో కూర్చుని ఉన్నాడు. తలుపు తీశాను. తువ్వాలు ఇచ్చాను.

బహుళ త్రయోదశి.

మధ్యాహ్నం గురమ్మ ఆఫీసుకొచ్చింది. బల్ల మీద కుడిచెయ్యి పెట్టింది. కొంగు లేదు.

"కొలు."

కొలిచాను. ముప్ఫై నాలుగు. పుస్తకంలో రాశాను. ఆవిడ చూస్తూ ఉంది.

"రెండో సెయ్యి రాయాలంట గాదా. నీది రాయి."

"నాదా పెద్దమ్మా? నిన్ను పడవెక్కించాల్సినదాన్ని నేనే."

"తెలుసు. ఉన్నదున్నట్టు రాసేదానివని తెలుసు గాబట్టే సెప్పలేదు. ఇప్పుడు దాచడానికేటి ఉంది? నీ మొగుడికి తలుపు లేకుండా సేసినదాన్ని నాను. ఇంకెవుల్ని అడగమంటావు? రాయి."

రెండో చెయ్యి తలుపు దగ్గరే నమోదు చెయ్యాలి. ఇద్దరం నడిచి వెళ్లాం. ఎల్లాజీ మా గుమ్మం ముందు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. నేను గురమ్మ తలుపు పిడి పట్టుకుని మూడుసార్లు వంచాను. అరవై రెండు. అరవై. అరవై మూడు. నాలుగోసారికి తెరుచుకుంది.

పందొమ్మిదేళ్లుగా మాది పక్కిల్లు. ఆ గుమ్మం దాటి లోపలికి చూడటం ఇదే మొదలు. లోపల మూతపెట్టిన గిన్నె, తాడుకి ఒక చీర, గోడ పొడుగునా రెండు మంచాలు. ఒకటి ఆవిడ పడుకునేది. రెండోదాని నిండా మెత్తళ్లు, వేలంత చిన్న చేపలు, ఆరబోసి ఉన్నాయి. బయట ఎండలో పోస్తే ఎవరు తీసుకుపోతారోనని ఇంట్లో నీడలోనే ఆరబెట్టుకుంటోంది. సరిగా ఎండక వాసనొస్తున్నాయి.

"ఒరే ఎల్లాజీ, నువ్వూ రా. గుమ్మంలో నిలబడకండి," అంది.

ఎడంచేత్తో మెత్తళ్లని ఒక పక్కకి నెట్టి, మంచం మీద ఇద్దరికి సరిపడా చోటు చేసింది.